సంక్రాంతికి పెట్టిన ఆ లుంగీ గుడ్డ ఎవరికి?

ఉత్తరం:

అమ్మా, నా వయసు 51. బరంపురంలో పుట్టి పెరిగాను. ఇక్కడే ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. పోయిన దసరాకి మా అత్త మనవడు అమెరికా నుంచి వస్తూ రెండు డీఎన్ఏ కిట్లు తెచ్చాడు. ఒకటి వాళ్ళ నాన్నకి, అంటే మా బావకి. రెండోది నాకు. సరదాకి గొట్టంలో ఉమ్మి నింపి ఇచ్చాం.

ఫలితాలు వచ్చాయి. బావది మొత్తం దక్షిణ భారతమే. నాకు మాత్రం 23 శాతం ఆగ్నేయాసియా, బర్మా థాయిలాండ్ వైపు అని వచ్చింది. అక్కడితో ఆగలేదు. బావా నేనూ సొంత మేనత్త మేనమామల బిడ్డలం కదా, మమ్మల్ని ‘హాఫ్ కజిన్లు’ అని చూపిస్తోంది. ఇద్దరికీ కలిసింది 7 శాతమట.

మా తాత యుద్ధానికి ముందు రంగంలో, అంటే రంగూన్లో, బియ్యం మిల్లులో పనిచేసి 1942లో నడిచి వచ్చారు. మామ్మ ఆయనకి మేనమామ కూతురే. ఆమె రంగం ఎప్పుడూ వెళ్ళలేదు. నాన్న 1938లో, అత్త 1946లో పుట్టారు. తాత మధ్యలో ఒకసారి వచ్చి వెళ్ళినప్పుడు నాన్న కడుపున పడ్డారని చెప్పేవారు. నాన్న కళ్ళు చూసి చిన్నప్పుడు ‘నేపాలీ’ అని ఏడిపించేవారట. ఆయన మామ్మ కన్నకొడుకు కాదేమోనన్న ఆలోచన మాకు కలలో కూడా రాలేదు. తాత 1985లో, మామ్మ 1997లో, నాన్న 2016లో పోయారు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు మామ్మ ఒక పువ్వుల లుంగీ గుడ్డ కూడా పెట్టేది. నా చిన్నతనం నుంచీ చూశాను. తాత రంగం జ్ఞాపకం కాబోలు అనుకునేదాన్ని.

అత్తకి 79. ఇచ్ఛాపురంలో బావ దగ్గరే ఉంటుంది. తమ్ముడు ‘ఆ రిపోర్టు తీసి పారెయ్, ఎవరికీ చెప్పకు’ అంటున్నాడు. మా అమ్మాయికి పలాసలో సంబంధం ఖాయమయ్యేలా ఉంది. వాళ్ళు గోత్రం, ఇంటిపేరు, మేనమామల ఇంటిపేరు అన్నీ అడిగి రాసుకున్నారు. ఈ పరీక్ష నిజమేనా? అత్తని అడగనా, వద్దా? అబ్బాయి వాళ్ళకి చెప్పాలా? బడిలో సంతకం పెట్టేటప్పుడు ఇంటిపేరు దగ్గర చెయ్యి ఆగిపోతోంది.

(పేరు వద్దు, బరంపురం)

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. శాతాల కోసం ఒకసారి చాలింది. మిగతా మూడుసార్లూ ఆ లుంగీ గుడ్డ కోసమే. దాని దగ్గరికి వస్తాను. మీరు లెక్కల టీచరు కాబట్టి ముందు లెక్క చూద్దాం.

అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది. ఇందులో తేడా ఉండదు. తాతమామ్మల దగ్గరికి వెళ్ళేసరికి మాత్రం పేకముక్కలు కలిపి పంచినట్టు ఉంటుంది. సగటున ఒక్కొక్కరి నుంచి 25 శాతం అంటారు గానీ ఒకరిది 22 వచ్చి ఇంకొకరిది 28 రావచ్చు. మీకు వచ్చిన 23, నలుగురిలో ఒకరు పూర్తిగా ఆ దేశం మనిషైతే రావలసిన అంకెకి దగ్గరగా ఉంది.

అయినా తొందరపడకండి. మన ప్రాంతంలో ఆ ఆగ్నేయాసియా జాడ రావడానికి ఇంకో దారి ఉంది. నాది పర్లాకిమిడి. కొండల మీంచి సవరలు సంతకి దిగే ఊరు. గిడుగు రామమూర్తిగారు ఆ ఊళ్ళో ఉండే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం కట్టారు. సవర మాట మన తెలుగుకి గానీ ఒడియాకి గానీ చుట్టం కాదు, ముండా భాషల్లోది. ఆ కుటుంబానికి దూరపు బంధువులు కంబోడియా ఖ్మేరు, బర్మాలోని మోన్. భాషలాగే రక్తంలోనూ ఆ జాడ ఉంది. ముండా భాషలు మాట్లాడేవాళ్ళ జన్యువుల్లో సుమారు నాలుగోవంతు ఆగ్నేయాసియా నుంచి వచ్చిందనీ, అది ఎక్కువగా మగవాళ్ళ వెంట వచ్చిందనీ 2011లో వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి గంజాం, కోరాపుట్, శ్రీకాకుళం వైపు ఏ తెలుగింట్లోనైనా ఎక్కడో ఒక సవర ముత్తవ్వో గదబ ముత్తాతో ఉంటే ‘ఆగ్నేయాసియా’ అని కొంచెం పడవచ్చు. దాన్ని చూసి బర్మా అనుకుంటే పొరపాటే.

అది ఎంత పడుతుందో మీరే లెక్కవేయండి. నలుగురిలో ఒకరు పూర్తిగా సవర మనిషే అనుకున్నా, మీకు వచ్చేది నాలుగోవంతులో నాలుగోవంతు. అంటే 6 శాతం చిల్లర. 23 దాకా ఎక్కదు. పైగా వేల ఏళ్ళ కిందటి కలయిక తరతరాలుగా తెగి తెగి, క్రోమోజోముల మీద చిన్న చిన్న మచ్చలుగా మిగులుతుంది. రెండు తరాల కిందటిదైతే పొడుగాటి పట్టీలుగా కనిపిస్తుంది. కొన్ని కంపెనీల రిపోర్టుల్లో క్రోమోజోములకి రంగులు వేసిన బొమ్మ ఒకటి ఉంటుంది, మీదాంట్లో ఉందేమో వెతకండి. అందులో ఉన్నవి మచ్చలా, పట్టీలా అన్నది చూడండి.

ఇక బావ సంగతి. సొంత అత్తామామల పిల్లల మధ్య సగటున 12.5 శాతం కలవాలి. ఇద్దరు మామ్మలు వేరై తాత ఒక్కరే అయితే 6.25. మీకు వచ్చింది 7. ఆ ముప్పాతిక ఎక్కువ ఎందుకంటే మీ తాతా మామ్మా మేనరికం అన్నారు కదా, బావకి మామ్మ నుంచి వచ్చినదాంట్లో కూడా మీ తాతల ఇంటి ముక్కలు ఉంటాయి. విదేశీ కంపెనీల లెక్కలు మన మేనరికాల్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. మనవాళ్ళ మధ్య చుట్టరికాన్ని అవి ఉన్నదానికంటే దగ్గరగా చూపిస్తాయి. మీ విషయంలో అలాంటి ఇంట్లో కూడా దూరంగా చూపిస్తున్నాయి. ఇది గట్టి సంగతే. అయితే సొంతవాళ్ళ మధ్య కూడా అరుదుగా అంత తక్కువ రావచ్చు కాబట్టి, ఈ ఒక్క అంకె మీద తీర్పు చెప్పను.

తీర్పు చెప్పగలిగేది ఇంకొకటి ఉంది. ఆడపిల్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. నాన్నకి ఉండేది ఒకటే ఎక్స్, అది ఆయనకి తల్లి ఇచ్చింది. అంటే మీ నాన్న మీకిచ్చిన ఎక్స్, కొసల్లో పిసరంత వదిలేస్తే, మొత్తం ఆయన కన్నతల్లిదే. తాతది అందులో లేదు. ఆ రంగుల బొమ్మలో చిట్టచివరి వరస చూడండి. ఎక్స్ రెండు గీతల్లో ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆగ్నేయాసియా రంగులో ఉంటే, నాన్నని కన్న తల్లి అక్కడి మనిషే అనుకోవచ్చు. రెండు గీతలూ మనవైపు రంగులోనే ఉంటే, నేను పైన చెప్పినదంతా పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి ఆలోచించాలి.

చాలామంది రిపోర్టులో తల్లి వరస, తండ్రి వరస అని రెండు పేజీలు చూసి ఆగిపోతారు. తల్లి వరస మీ అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి మీదుగా పోతుంది. తండ్రి వరస మగవాళ్ళకే ఉంటుంది, అది తాత, ముత్తాతల మీదుగా పోతుంది. నాన్నని కన్నతల్లి ఈ రెండు దారుల్లోనూ లేదు. కానీ ఆ ఎక్స్‌లో నిండుగా ఉంది. మీ తమ్ముడికి నాన్న ఇచ్చింది వై. అంచేత తమ్ముడిలో ఆవిడ వంతు ఉంది గానీ ఈ ముక్క లేదు. మీ ఇంట్లో దాన్ని చెక్కుచెదరకుండా మోస్తున్నది మీరొక్కరే. ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

‘బర్మా థాయిలాండ్’ అన్న పేరుని మరీ పట్టుకోకండి. కంపెనీలు తమ దగ్గరున్న నమూనాలతో పోల్చి ఆ పేరు పెడతాయి. నమూనాలు పెరిగితే శాతాలూ పేర్లూ మారతాయి. ఆవిడ బర్మనా, మోనా, కరెనా, షానా, అక్కడి జాతుల్లో ఏ జాతి మనిషో ఆ కాగితం తేల్చలేదు.

ఇక రంగం. మీ అమ్మాయి తరానికి ఆ మాట అర్థం కాకపోవచ్చు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనే అనేవారు. గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, ఇన్ని రేవుల్లో ఓడెక్కి వెళ్ళేవారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపుని తీసుకెళ్ళేవాడు. రేవులో మూటలు మోయడం, మిల్లుల్లో ధాన్యం ఆడించడం, రిక్షా లాగడం. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళకి ‘కోరంగీలు’ అనే పేరు పడిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అందులో ఆడవాళ్ళు బహు తక్కువ. వెళ్ళినవాడు ఏళ్ళ తరబడి అక్కడే. అక్కడ ఇల్లు కట్టుకున్న మగవాళ్ళు మీ తాత ఒక్కరే కాదు.

మీ తాత ఓడెక్కేటప్పటికి బరంపురం మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మాని ఇండియా నుంచి విడదీశారు. ఆయన కదలకుండానే సొంతూరు రాష్ట్రం మారింది, పనిచేసే ఊరు పరాయి దేశమైంది. మీ నాన్న పుట్టింది ఆ మరుసటి ఏడే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, మార్చి 8కి ఊరు వాళ్ళ చేతికి చిక్కింది. అయిదు లక్షల మంది దాకా భారతీయులు బయల్దేరారంటారు. కొందరికి ఓడలు దొరికాయి. ఎక్కువమంది అడవుల్లో, కొండల్లో పడి నడిచారు, కొందరు ‘తము’ అనే సరిహద్దు ఊరి మీదుగా ఇంఫాల్‌కి, కొందరు అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలు. మా వీధిలో అలా నడిచి వచ్చిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పిల్లలం కథ చెప్పమంటే ఓడ కథ చెప్పేవారు, మిల్లు కథ చెప్పేవారు. ఇంఫాల్ పేరెత్తితే లేచి లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆ దారిలో మీ తాత ఒక్కరూ రాలేదు అని నా అనుమానం. నాలుగేళ్ళ పిల్లాడు భుజం మీద ఉండుంటాడు.

ఇప్పుడు ఆ గుడ్డ. సంక్రాంతి మనకి పెద్దల పండగ. ఆ రోజు బట్టలు పెట్టేది పోయినవాళ్ళకే. బతికున్నవాళ్ళకి పెట్టరు. తాత 1985లో పోయారని రాశారు. అప్పటికి మీకు పదకొండేళ్ళు. అంతకు ముందు నుంచీ ఆ గుడ్డ చూశానన్నారు. అంటే అది తాతకి కాదు. బర్మా ఆడవాళ్ళు కట్టుకునేది లుంగీయే, థమేన్ అంటారు, రంగురంగుల పువ్వులతో నేస్తారు. మన మగవాళ్ళకి పెద్దల పండక్కి పెట్టేది పంచె. పువ్వుల లుంగీ ఏ మగాడికి పెడతాం? ఇది నా ఊహ అని ఒప్పుకుంటున్నాను, మీ అత్తగారు వేరే మాట చెబితే ఆవిడ మాటే సరి. నా మనసుకి తోచింది మాత్రం ఇది. మీ మామ్మకి ఆ బర్మా ఆవిడ ఉందని తెలుసు. పోయిందనీ తెలుసు. ఏం కట్టుకునేదో కూడా అడిగి తెలుసుకుంది.

ఒకసారి మామ్మ వైపు నుంచి చూడండి. మొగుడు ఓడెక్కి వెళ్ళాడు. యుద్ధమన్నారు, కబురు లేదు. చచ్చాడో బతికాడో తెలియని రోజుల్లో ఎముకల గూడులా గుమ్మంలోకి వచ్చాడు, చంకలో చీలికల కళ్ళ పిల్లాడు. ఆ పిల్లాడికి తెలుగు ఎంత వచ్చో, అమ్మా అని ఏ భాషలో ఏడ్చాడో. వీధి వీధంతా చూసే ఉంటుంది. ఆ సంగతి మనవలకి చేరకుండా యాభై ఏళ్ళు దాచాలంటే ఒక్క మామ్మ వల్ల కాదు, ఆ వీధి కూడా సాయం పట్టింది. సొంత కూతురు నాలుగేళ్ళ తర్వాత పుట్టింది. అయినా మీ నాన్న ఏ రోజూ ‘నా కన్నతల్లి కాదేమో’ అన్న ఛాయ మీ దగ్గర కనబరచలేదంటే, ఆవిడ ఎంత పెట్టిందో ఆలోచించండి. అంత చేసి, ఏడాదికొకసారి ఆ రెండో ఆవిడకి గుడ్డ పెట్టి దండం పెట్టింది. మీరు ‘నేనెవరిని’ అని అడుగుతున్నారు. నాకైతే ముందు అడగవలసింది ఆవిడ పేరేమిటని అనిపిస్తోంది.

తాత మీద కోపం వస్తే రానివ్వండి. ఆయన కష్టపడ్డారు, నిజం. ఇద్దరు ఆడవాళ్ళని కష్టపెట్టారు, అదీ నిజమే కావచ్చు. ఆవిడ దారిలో పోయిందా, బాంబుల్లో పోయిందా, పిల్లాణ్ణి కంటూ పోయిందా, లేక ఆయనే వదిలి వచ్చి పోయిందని చెప్పారా అన్నది మనకి తెలియదు. తెలిసేదాకా ఏ ఒక్క కథా ఖాయం చేసుకోకండి.

అత్తగారి సంగతికి ముందు బావతో మాట్లాడండి, అదీ ఈ వారంలోనే. ఎందుకంటే ఆ పేజీ ఆయన ఫోన్లోనూ ఉంది, అమెరికాలో ఉన్న అబ్బాయి చూసే ఉంటాడు. కుర్రాళ్ళు అమాయకంగా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషికి ఈ వార్త ఫోన్లో ఫార్వర్డుగా చేరకూడదు. ముగ్గురూ ఒక మాట మీద ఉండండి.

అత్త దగ్గరికి ఒంటరిగా వెళ్ళండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంత దూరమని, పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం భోజనం ఆవిడ దగ్గరే చెయ్యండి. ఫోను బయటికి తీయవద్దు, శాతాలు చెప్పవద్దు. పాత ఫోటోలు తీసుకెళ్ళండి. మామ్మ గురించి మాట్లాడనివ్వండి. మాటల్లో ఒకే ఒక్కటి అడగండి: ‘అత్తా, పండక్కి మామ్మ ఆ పువ్వుల గుడ్డ ఎవరికి పెట్టేది?’ ఆవిడకి తెలిస్తే ఆ ప్రశ్న చాలు. ఏళ్ళుగా ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తూ ఉండవచ్చు కూడా. ‘ఏమో తల్లీ’ అంటే ఆ రోజుకి వదిలేసి వచ్చేయండి. రెండోసారి వెళ్ళవచ్చు. ఆవిడకి నిజంగా తెలియకపోతే, మీరు ఇవ్వబోయేది కబురు కాదు, ఒక నష్టం. అన్నయ్య సగం అన్నయ్య అయిపోవడం. ఈ చుట్టరికానికి మన భాషలో ఉన్న మాట ‘సవతి’. ఆ మాట ఆవిడ ముందు పొరపాటున కూడా రానివ్వకండి. ఆవిడ ఉమ్మి కూడా పరీక్షకి పంపుదామని బావ అంటే, ఎందుకో ఆవిడకి విడమరిచి చెప్పకుండా వద్దు.

తమ్ముడు తీసి పారెయ్యమన్నది భయంతో. ఆస్తి భయమైతే ఒక లాయరుకి కాగితాలు చూపిస్తే తీరిపోతుంది. మీ నాన్న తాత కొడుకు కాదని ఈ పరీక్ష ఎక్కడా అనడం లేదు, బావతో కలిసిన ఆ 7 శాతం అదే చెబుతోంది. మామ్మ పేరున ఏదైనా ఉండి ఇంకా పంచుకోనిది ఉంటే మాత్రం ముందే అడగండి, అక్కడ చట్టం వేరుగా ఉంటుంది.

పెళ్ళి. గోత్రం తాతది, ఇంటిపేరు తాతది, రెండూ మారలేదు. అబ్బాయి వాళ్ళు అడిగినదానికి మీరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలంటారు. లెక్కల టీచరు కదా, ఏడో తరానికి ఎంతమందో చూడండి. నూట ఇరవై ఎనిమిది మంది. తద్దినంలో మనం పేరు చెప్పి పిలిచేది మూడు తరాల వాళ్ళని. మిగిలినవాళ్ళ పేర్లు పలాస వాళ్ళకీ తెలియవు, నాకూ తెలియవు. హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లోనూ ఆ తర్వాత 2013లోనూ చూపించింది ఇదే. ఈ దేశంలో దాదాపు అన్ని కులాలూ తెగలూ కలిసి పుట్టినవే. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందటి నుంచి రెండు వేల ఏళ్ళ కిందటి దాకా విచ్చలవిడిగా కలిసి, ఆ తర్వాతే తలుపులు వేసుకున్నారు. మీ ఇంట్లో ఆ తలుపు 1938లో ఒకసారి తెరుచుకుంది, అంతే తేడా.

నా మాట అడిగితే, వాళ్ళకి పనిగట్టుకుని చెప్పక్కర్లేదు. ఇది రోగం కాదు, అప్పు కాదు, మొదటి పెళ్ళి కాదు. అడిగితే మాత్రం అబద్ధం ఆడకండి. కానీ మీ అమ్మాయికి చెప్పండి, తాంబూలాలకి ముందే. ఆ రక్తం ఆ పిల్లదీ. పెళ్ళికొడుక్కి చెప్పాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవలసిన విషయం, మీరూ నేనూ కాదు. ఈ కాలం పిల్లలు ఇలాంటివి మనకంటే తేలిగ్గా తీసుకుంటారు. రేపు అమెరికా మనవడి నోటి నుంచి వింటే మాత్రం ‘అమ్మ నా దగ్గర దాచింది’ అన్నది ఉండిపోతుంది.

ఒక్క వైద్యం సంగతి ఉంది, దీన్ని వాయిదా వేయవద్దు. బర్మా, థాయిలాండ్ ప్రాంతంలో హిమోగ్లోబిన్ ఈ అనే రక్తపు తేడా చాలామందిలో ఉంటుంది. ఒక్క వైపు నుంచే వస్తే మనిషికి ఏమీ కాదు, ఉందని కూడా తెలియదు. అలాంటివారు బీటా తలసీమియా అనే వంశపారంపర్యపు రక్త జబ్బుని మోసేవారిని చేసుకుంటే మాత్రం పుట్టే బిడ్డకి పెద్ద జబ్బు రావచ్చు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్షతో తెలిసిపోతుంది. ముందు మీరు చేయించుకోండి. మీలో లేకపోతే ఈ వైపు నుంచి అమ్మాయికి వచ్చే వీలు లేదు. ఉంటే అమ్మాయికి చేయించండి, ఆమెకీ ఉంటే అబ్బాయికి. అసలు మన వైపు తలసీమియా, సికిల్ సెల్ రెండూ ఉన్నాయి కాబట్టి జాతకాలు చూసే ప్రతి ఇంట్లోనూ ఈ పరీక్ష చేయించుకోవాలని నా కోరిక.

వివరాలు కంపెనీ దగ్గర ఉండటం గురించి రెండు మాటలు. మీది ఏ కంపెనీయో రాయలేదు. ట్వంటీత్రీ అండ్ మీ అనే పెద్ద కంపెనీలో 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి, 2025 మార్చిలో అదే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఫలితాలన్నీ మీ కంప్యూటర్లోకి దింపుకుని, పాస్‌వర్డ్ మార్చి, అవసరం తీరాక ఖాతా తీసేయవచ్చు.

తీసేసే ముందు చుట్టాల జాబితా మాత్రం ఓపిగ్గా చూడండి. బర్మా పేర్లు కనిపిస్తే బావ జాబితాలో అవి లేవని నిర్ధారించుకుని, ఒక చిన్న మర్యాద ఉత్తరం రాయండి. కథంతా మొదటి ఉత్తరంలోనే పెట్టవద్దు. అవతలివాళ్ళ ఇంట్లోనూ ఒక మామ్మ ఉండవచ్చు. బర్మా వాళ్ళకి ఇంటిపేర్లు ఉండవు కాబట్టి పేరు పట్టుకుని వెతకడం కష్టం. పేరుకి ముందు ‘మా’ అని ఉంటే పడుచు పిల్ల, ‘డా’ అని ఉంటే పెద్దావిడ. అత్త నోట గానీ తాత పెట్టెలో గానీ ‘మా’ అని మొదలయ్యే పేరు వస్తే రాసి పెట్టుకోండి. పాత ఫోటోల వెనక స్టూడియో ముద్ర చూడండి. 1962లో సైన్యం గద్దెనెక్కాక మిగిలిన మనవాళ్ళు కూడా 1964 ప్రాంతంలో ఓడల మీద తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట వాళ్ళ పేరు మీదే ఉంది. అక్కడి వృద్ధులకి మిల్లుల పేర్లు, వీధుల పేర్లు గుర్తుండవచ్చు.

మామ్మ పోయాక ఆ గుడ్డ పెట్టడం ఆగిపోయిందో, మీ అమ్మ పెడుతున్నారో మీరు రాయలేదు. ఆగిపోయి ఉంటే, వచ్చే సంక్రాంతికి బజారుకి వెళ్ళి పువ్వులది ఒకటి కొనండి. మీ అమ్మాయిని వెంట తీసుకెళ్ళండి. పీట మీద మామ్మ చీర పక్కనే పెట్టండి. అప్పటికి పేరు తెలిస్తే పేరు చెప్పి పెట్టండి, తెలియకపోతే మామ్మ పెట్టినట్టే పెట్టండి.